నాలుగో గంట

జోన్ పంపిన కవరు చింపగానే ఉత్తరం కంటే ముందు ఫొటో జారి బల్లమీద పడింది. తలమీద పసుపుపచ్చ హెల్మెట్, కాళ్ళకి ముక్కు దగ్గర ఇనుము ఉన్న బూట్లు, ఆ రెంటికీ మధ్య ముదురాకుపచ్చ నేతచీర. మా అత్తగారు. పక్కన ఆవిడకంటే అడుగు పైనే పొడుగ్గా, చేతులు వెనక్కి కట్టుకుని జోన్ భర్త డెరెక్. ఉత్తరంలో రెండే సంగతులున్నాయి. డెరెక్ పోయిన నెలలో నిద్రలోనే పోయాడట. అతని బట్టలు సర్దుతుంటే సొరుగులో ఈ ఫొటో కనిపించిందట, ఇది మీ ఇంట్లో ఉండాల్సిందని పంపుతున్నానని జోన్ రాసింది. నేను నాటింగ్‌హామ్‌లో మా వంటింట్లో కూచుని, పొయ్యిమీద పప్పు మాడుతున్న వాసన వచ్చేదాకా ఆ ఫొటోనే చూస్తూ ఉండిపోయాను. మేం వాళ్ళ ఊరు వదిలి ఇరవయ్యేళ్ళు దాటింది. అయినా అక్కడ గడిపిన ఒక్క ఏడాది మీదకే నా మనసు మాటిమాటికీ పోతుంది, మిగతా ఏళ్ళన్నీ ఎక్కడికో కొట్టుకుపోయినట్టు.

నా ఉద్యోగం కేంబ్రిడ్జ్ సైన్స్ పార్కులో, మా ఆయన శ్రీనుది స్టీవెనేజ్‌లో. ఇద్దరికీ సమానదూరంలో ఉంటుందని ఆ చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. ఇంటి వెనక దడి, దడి వెనక చర్చి ఆవరణ, సమాధులు, ఆ పైన చెకుముకి రాళ్ళతో కట్టిన పొట్టి బురుజు. ఇల్లు చూపించిన లెటింగ్ ఏజెంటు తోట గురించి, సెంట్రల్ హీటింగ్ గురించి చాలా చెప్పాడు గాని, ఆ బురుజులో ఆరు గంటలున్నాయనీ, ఆదివారం పొద్దున్నా బుధవారం సాయంత్రం ప్రాక్టీసుకీ వాటిని గుక్కతిప్పుకోకుండా మోగిస్తారనీ చెప్పలేదు. మొదటి ఆదివారం నేను మంచంమీంచి లేచి కూచున్నాను. మూడో నెలకి అలవాటైపోయింది. ఆ చప్పుడులో ఫోను మాట్లాడటం కూడా వచ్చేసింది.

రెండువేల సంవత్సరం రాబోతున్న ఏడాది అది. ఫిబ్రవరిలో మా కావ్య పుట్టింది. మా అమ్మ రావలసింది, కానీ అక్కకి అప్పుడే రెండో కాన్పు. దాంతో అత్తగారు వచ్చారు. మాది మేం ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. మేం గుంటూరులో టీచర్ల కుటుంబం, వాళ్ళు శ్రీకాకుళం దగ్గర కంచరి పనివాళ్ళు. పెళ్ళయిన రెండేళ్ళలో ఆవిడ నాతో ఫోనులో మాట్లాడింది లేదు. నేను 'అత్తయ్యా' అనగానే 'సీనుకి ఇయ్యి' అనేవారు. అలాంటి మనిషి ఆరునెలల వీసా మీద, ఒక రేకుపెట్టెతో, పెట్టెనిండా బాలింత కాయం ఉండలూ వామూ నువ్వులనూనె సీసాలతో వచ్చి మా ఇంట్లో దిగారు. శ్రీను పొద్దున ఏడింటికి వెళితే రాత్రి ఎనిమిదికి వచ్చేవాడు. మధ్యలో ఆవిడా నేనూ పసిపిల్లా.

ఆవిడ దినచర్యకి తిరుగులేదు. బాత్‌రూములో కార్పెట్ పరిచి ఉండటం చూసి, ఇదేం ఇల్లన్నట్టు నావంక చూసి, వంటింటి నేలమీద కాళ్ళు చాపుకుని కూచుని ఆ కాళ్ళమీదే పిల్లకి నూనె రాసి నీళ్ళు పోసేవారు. పిల్ల ఉడుకునీళ్ళ వాసనా, నూనె వాసనా, రేడియేటర్ మీద ఆరేసిన గుడ్డల ఆవిరీ కలిసి ఇల్లంతా ఒక వాసనగా ఉండేది. హెల్త్ విజిటర్ వస్తే గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి 'లవ్లీ' అనేది, ఏది లవ్లీయో చెప్పకుండా. అత్తగారికి ఇంకో అలవాటుండేది. ఏ గిన్నె చేతిలోకి తీసుకున్నా ముందు గోటితో ఒక్కటి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవారు. స్టీలు గిన్నెలకి మొహం చిట్లించేవారు. హైస్ట్రీట్‌లో చారిటీ షాపుకి తీసుకెళితే అరలో ఉన్న ప్రతి వస్తువునీ టింగుమనిపించి, "ఇత్తడి. ఇదీ ఇత్తడే. కంచనేదే నేదు ఈల్ల కాడ" అని నాతో కాదు, పిల్లతో చెప్పేవారు.

వచ్చిన తర్వాత మొదటి ఆదివారం గంటలు మొదలవగానే ఆవిడ బియ్యం కడుగుతున్న చేతిని అలాగే నీళ్ళలో ఉంచి ఆగిపోయారు. భయపడ్డారేమోననుకున్నాను. కాదు, వింటున్నారు. తడి వేళ్ళు ఒక్కొక్కటీ ముడుస్తూ లెక్కపెట్టుకున్నారు. నాలుగో వేలు దగ్గరికి రాగానే ప్రతిసారీ పంటినొప్పి వచ్చినట్టు కన్ను మూసేవారు.

"నాలుగోది పోనాది," అన్నారు. నాతో నేరుగా అన్న మొదటి మాటల్లో అదొకటి.

"పోవడమేమిటత్తయ్యా? మోగుతోందిగా."

"మోగుతన్నాది. మోత నిలవట్నేదు. ఎక్కడో పగులున్నాది దానికి."

అప్పుడు మెల్లిగా, ఆ వారమంతా ముక్కలు ముక్కలుగా, వాళ్ళ నాన్నగారి గురించి చెప్పారు. ఆయన కంచు గిన్నెలూ పళ్ళాలూ గంటలూ పోసేవాడు. పోసిన సరుకంతా అరుగుమీద వరసగా పెట్టి, ఎనిమిదేళ్ళ ఈవిడని ఎదురుగా కూచోబెట్టి, ఒక్కొక్కటీ వేలితో కొట్టేవాడట. ఈవిడ 'ఉన్నాది', 'పోనాది' అని చెప్పాలి. పోయిందన్నది మళ్ళీ మూసలోకి, కొలిమిలోకి. ఒకసారి పగులు కంటికి కనపడకపోయినా కూతురు మాటమీద కరిగించేశాడట. కానీ కరిగిన కంచు అచ్చులో పోసేటప్పుడు మాత్రం ఆడపిల్లలు అటు రాకూడదు. వాకిట్లోంచి ఆ ఎరుపు గోడమీద ఆడటమే చూసేవారు. "పొయ్యడం నానెప్పుడూ సూడనేదు," అన్నారు. పెళ్ళైన ఇంట్లోనూ అదే పని, అదే కట్టుబాటు. తర్వాత స్టీలు వచ్చింది, కొలిమి ఆరింది, మావగారు విశాఖలో రేవు పనికి వెళ్ళి అక్కడే జబ్బుపడి పోయారు. శ్రీను ఇవేవీ ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆఫీసులో ఎవరైనా అడిగితే 'మా నాన్నది మెటల్స్ బిజినెస్' అనేవాడు.

ఏప్రిల్‌లో కాస్త ఎండ రాగానే పిల్లని ప్రామ్‌లో వేసుకుని చర్చి ఆవరణలో తిరిగేవాళ్ళం. అక్కడ సమాధుల మధ్య గడ్డి కోస్తూ కనపడేవాడు డెరెక్. రిటైరైన వడ్రంగి. గంటలు మోగించేవాళ్ళకి పెద్ద అతనే. గంటని 'ఆమె' అనేవాడు. ఆరు గంటలూ ఒక్క కాలానివి కావనీ, మూడోది అన్నిటికన్నా పాతదనీ, దానిమీది లాటిన్ అక్షరాల్లో ఒకటి తిరగబడిపోయిందనీ, నాలుగోది విక్టోరియా రాణి కాలంలో చేరిందనీ చెప్పాడు. నాలుగో గంట తాడు వాళ్ళ తాత పట్టాడు, నాన్న పట్టాడు, పన్నెండో ఏట నుంచి తను పట్టుకున్నాడు. వాటి స్వరాలు ఒకదానితో ఒకటి ఎప్పుడూ సరిగా కలవలేదట. అందుకే ఊరంతా కేకులు అమ్మి, పుస్తకాలు అమ్మి, వాటిని దింపి గంటలు పోసే ఫౌండ్రీకి పంపి శృతి చేయించబోతున్నారు. కొత్త సంవత్సరం మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి దేశమంతా గంటలు మోగుతాయి, ఆవేళకి మావి సిద్ధంగా ఉండాలని అతని పట్టుదల.

నేను తర్జుమా చేస్తుంటే అత్తగారు చివరిదాకా విని, "పగులు సంగతి అడుగు," అన్నారు.

నాకు ఇష్టం లేకపోయినా అడిగాను. డెరెక్ మర్యాదగా నవ్వాడు. "ఆమె గొంతే కాస్త బొంగురు. నా చిన్నప్పట్నుంచీ అంతే." తర్వాత ఏమనుకున్నాడో, "మిసెస్ రావ్ మెట్లెక్కగలరా?" అన్నాడు.

ఎక్కారు. ఆ శనివారం పొద్దున, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, గోడకి కట్టిన తాడు పట్టుకుని, ఒక మనిషికి తప్ప చోటులేని చుట్టుతిరిగే మెట్లు యాభైయ్యెనిమిదేళ్ళ మా అత్తగారు ఎక్కారు. పిల్లని కింద జోన్ ఎత్తుకుంది. వెనక నేను, నా భుజానికి పిల్ల నాపీల సంచీ. పైన పావురాల రెట్టలూ, పాత ఓక్ దూలాలూ, గ్రీజు వాసనా. ఆవిడ ఒక్కో గంటనీ వేలి మెటికతో కొట్టుకుంటూ వెళ్ళారు. రెండింటి అంచుల లోపల వేళ్ళు పెట్టి తడిమి, "ఎవులో ఉలితో గిల్లినారు," అన్నారు. డెరెక్ ఆశ్చర్యపోయాడు. పాతకాలంలో శృతి చేయడమంటే అదేనట, మనిషి ఉలీ సుత్తీ పట్టుకుని అంచు చెక్కడం. నాలుగో గంట దగ్గర ఆవిడ కొట్టారు, విన్నారు, పక్కకి జరిగి మళ్ళీ కొట్టారు. తర్వాత దూలం మీద కూచుని తల, ఒక చెయ్యీ గంటలోపలికి దూర్చారు. లోపల్నుంచి మాట గుమ్మని వినిపించింది.

"నూనె సీసా ఇయ్యి. పిల్ల పౌడరు కూడా."

గంట పైకప్పు లోపల, దాని నాలుకని వేలాడదీసే ఇనపకొక్కెం చుట్టూ నూనె రాశారు. కాసేపు ఆగి చీరచెంగుతో శుభ్రంగా తుడిచేశారు. పౌడరు చల్లి చేత్తో పలచగా పులిమారు. మళ్ళీ ఆగారు. డెరెక్ టార్చి పట్టుకున్నాడు. ఆ తెల్లటి పొరమీద కొక్కెం మొదట్నుంచి భుజం దాకా, వెంట్రుకంత సన్నగా, లోపలికి దిగిన నూనె ఊరి ఒక నల్లగీత పైకి తేలింది. జానెడు పైనే ఉంటుంది.

"కంచులో ఇనుం పెట్టి పోసీసినారు. ఇనుం తుప్పు పట్టి ఉబ్బుతాది, కంచు ఉబ్బదు. పగలక ఏటి సేస్తాది?" అన్నారు ఆవిడ చేతులు తుడుచుకుంటూ.

నేను చెప్పాను, వాళ్ళ నాన్నగారి గురించి కూడా. డెరెక్ చాలాసేపు టార్చి ఆర్పలేదు. పగులున్న గంటని శృతి చేయరు. కరిగించి మళ్ళీ పోయాలి, లేదంటే అతుకు వేయాలి, అది కుదురుతుందో లేదో తెలియదు. "ఆవిడ చెప్పకుండా ఉంటే బాగుండేది," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

"ఏటంటన్నాడు?"

"థాంక్స్ చెప్తున్నాడత్తయ్యా."

ఆవిడ నా మొహం చూశారు. గంటల్ని విన్న మనిషికి గొంతులో తేడా తెలియదా? దిగేటప్పుడు నా భుజం పట్టుకుని దిగారు.

సాయంత్రం శ్రీనుకి తెలిసి చాలా కోప్పడ్డాడు. "అమ్మా, మనం ఇక్కడ అద్దెకుంటున్నాం. వాళ్ళ చర్చి, వాళ్ళ గంట. మధ్యలో మనకెందుకు? రేపు నన్ను ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?"

"ఏటి సెప్పాలో నీకు తెల్దేటి?" అన్నారావిడ నెమ్మదిగా. "గంట ఎవులిదైతే ఏటి. పగులు పగులే."

అతను అన్నం తినకుండా పైకి వెళ్ళాడు. ఆవిడ పళ్ళెం మీద మూతపెట్టి, సింకు దగ్గర నిలబడి చాలాసేపు బురుజు వంక చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు మొదటిసారి నేను ఆవిడ పక్కన వెళ్ళి నిలబడ్డాను. గిన్నెలు ఆవిడ కడిగితే నేను తుడిచాను.

జూన్‌లో గొలుసులతో గంటల్ని దింపారు. ఊళ్ళో వాళ్ళంతా వచ్చి గడ్డిమీద వరసగా పెట్టిన ఆరింటినీ తాకి చూశారు, పిల్లలు లోపల దూరారు. ఫౌండ్రీవాళ్ళు చూసి ఆవిడ చెప్పింది నిజమేనన్నారు. పోయిన తనిఖీలో పైనున్న మసిలో అది కనపడలేదన్నారు. అతుకు వేయించాలా, కరిగించాలా అన్నది తేలక మూడువారాలు గడిచాయి. ఒకరోజు డెరెక్ మా తలుపు తట్టాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడ్డాడు. కూచోమన్నా కూచోలేదు.

"వాళ్ళ నాన్నగారైతే ఏం చేసేవారో అడుగు," అన్నాడు నాతో.

ఆవిడ పిల్లని ఈ భుజంమీంచి ఆ భుజానికి మార్చుకున్నారు. "కరిగించీసేవోడు. అతుకేస్తే పలుకుతాది గాని బెంగగా పలుకుతాది. కరిగిస్తే అదే కంచు, అదే గంట. ఎక్కడికీ పోదని సెప్పు. ఆల్ల నాన్న సేతులు తగిలిన కంచే మల్లా గంటవుతాది."

ఆ మాటలు నేను చెప్పడం పూర్తయ్యేసరికి డెరెక్ కిటికీవైపు తిరిగి ఉన్నాడు. మళ్ళీ ఇటు తిరిగి, మీరూ ఫౌండ్రీకి రావాలి అన్నాడు.

ఆగస్టులో వెళ్ళాం. శ్రీను కారు నడిపాడు, మొహం గంటుపెట్టుకునే. మొదట శృతి చేసే గది చూపించారు. మా అయిదో గంటని తలకిందులుగా పెద్ద లేతు మీద బిగించి తిప్పుతున్నారు. లోపల్నుంచి ఉలి ఒక పొర చెక్కుతుంటే రవ్వంత రవ్వంత కంచు బంగారు రజనులా రాలుతోంది. శృతి చేసే ఆయన తెల్లమీసాల పెద్దమనిషి, చేతిలో శృతిదండాలు. ఒక్కో గంటలో వినడం తెలిస్తే అయిదు స్వరాలు వినిపిస్తాయనీ, ఆ అయిదూ ఒకదానితో ఒకటి కలవాలనీ, మళ్ళీ ఆరు గంటలూ కలవాలనీ, లోపల ఏ ఎత్తులో చెక్కితే ఏ స్వరం దిగుతుందో చూసుకుని చెక్కుతామనీ చెప్పాడు. చెక్కితే స్వరం దిగుతుందే గాని ఎక్కదు. కాబట్టి ఉన్నవాటిలో కిందుగా ఉన్నదాన్ని పట్టుకుని మిగతావాటిని దాని దగ్గరికి దించుకురావాలి. తీసింది మళ్ళీ పెట్టలేం కనుక చెక్కి, ఆపి, మోగించి, విని, మళ్ళీ చెక్కి, అలా రోజంతా. ఆయన దండం ఆనిస్తే గంట దానంతటదే సన్నగా పలికింది. అత్తగారు వంగి విన్నారు. ఆయన ఇంకో దండం ఆనించి, వచ్చిందా అన్నట్టు కనుబొమలెత్తాడు. ఆవిడ రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి ఇంకొంచెం ఉందని చూపించారు. ఆయన నవ్వి లేతు మళ్ళీ తిప్పాడు. ఇద్దరికీ నా అవసరం లేకపోయింది.

తర్వాత పోతగది. అచ్చులు చేసే చోటికి రాగానే ఆవిడ ఆగిపోయి గాలి పీల్చారు. "పేడ," అన్నారు. నిజమే. అక్కడ గంట అచ్చుకి బంకమట్టిలో గుర్రప్పేడా మేకవెంట్రుకలూ కలుపుతారు. వాళ్ళ నాన్న ఆవుపేడా వరిపొట్టూ కలిపేవాడట. హెల్మెట్ పెట్టారు, బూట్లు తొడిగించారు, ముందే వచ్చి ఉన్న డెరెక్ పక్కన నిలబెట్టి ఫొటో తీశారు, గీతకి ఇవతల నిలబడమన్నారు. మా నాలుగో గంట ముక్కలు అప్పటికే కొలిమిలో కరిగి ఉన్నాయి. ఇద్దరు మనుషులు కుండని వంచారు. నారింజరంగు ధార, చప్పుడు లేకుండా, పాలు పోసినంత మెత్తగా అచ్చులోకి దిగింది. వేడి మా మొహాలదాకా వచ్చింది. నేను ధారని చూడలేదు, ఆవిడ్ని చూశాను. రెండు చేతులూ చుబుకం కింద పెట్టుకుని, రెప్ప వేయకుండా, ఎనిమిదేళ్ళ పిల్ల వాకిట్లోంచి లోపలికి వచ్చేసినట్టు నిలబడి ఉన్నారు. ధార ఆగాక, "ఇంతేనేటి," అన్నారు. "ఇంత అందంగా ఉన్నదాన్నా సూడనియ్యనేదు." కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చారు.

పక్కన ఒక ఫౌండ్రీ కుర్రాడు శ్రీనుని అడిగాడు, ఆవిడకి ఈ పని గురించి ఎలా తెలుసని. నేను వెనకే ఉన్నాను. "మా తాత గంటలు పోసేవాడు. మా నాన్న కూడా," అన్నాడు శ్రీను. అత్తగారికి ఇంగ్లీషు రాదు. కానీ ఆవిడ తల అటు తిరిగింది.

సెప్టెంబరులో ఆవిడ వెళ్ళిపోయారు. గంటలు నవంబరులో గాని తిరిగి రాలేదు. కొత్త సంవత్సరం మొదటి రోజు మధ్యాహ్నం నేను పెరటి గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డాను. అక్కడ సాయంత్రం అయిదున్నర, ఆవిడ పక్కింటివాళ్ళ ఫోను దగ్గర కూచుని ఉంటారని ముందే అనుకున్నాం. కాలింగ్ కార్డు నంబరు నొక్కుతూనే ఉన్నాను. లైన్లన్నీ బిజీగా ఉన్నాయని ఒక ఆడగొంతు చెబుతూనే ఉంది. బురుజులో ఆరు గంటలూ ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే ఊళ్ళో జనం సమాధుల మధ్య నిలబడి చప్పట్లు కొట్టారు. లైను కలిసేసరికి డెరెక్ తాడు కట్టేసి కిందికి దిగిపోయాడు. "పర్నేదులే," అన్నారావిడ. "ఎప్పుడో నానే వొచ్చి ఇంటాను." ఇప్పుడైతే జేబులోంచి ఫోను తీసి నిమిషంలో పంపేద్దును, ఆవిడ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినేవారు. మా కావ్య తను తాగే కాఫీ కప్పు కూడా నాకు ఫొటో తీసి పంపుతుంది. ఆవిడకి ఒక గంట చప్పుడు పంపడానికి ఆరోజు నాకు ఏ దారీ లేకపోయింది.

ఆవిడ మళ్ళీ వచ్చేసరికి కావ్యకి ఎనిమిదేళ్ళు. మేం నాటింగ్‌హామ్ మారిపోయాం. ఆవిడ తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబు చెప్పేది, ఇద్దరికీ ఎలాగో సరిపోయేది. వచ్చిన వారంలో ఒకసారి, "ఆ ఊరు ఎల్దామేటి?" అన్నారు. శనివారం ఈతక్లాసు, ఆదివారం ఎవరి పిల్లదో బర్త్‌డే, ఆ పైవారం శ్రీనుకి ఆఫీసు పని, తర్వాతి వారం ఉగాది ప్రోగ్రాం రిహార్సలు. వచ్చేవారం వెళదామత్తయ్యా అన్నాను. నెల తర్వాత ఇంకోసారి అడిగారు. మూడోసారి అడగలేదు. మేమూ మర్చిపోయాం. ఆవిడ తిరిగి వెళ్ళిన మరుసటి వానాకాలంలో, రెండు రోజుల జ్వరంతో పోయారు. శ్రీను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి.

కనుక నేను ఆవిడ్ని చివరిసారి చూసింది హీత్రోలోనే. సెక్యూరిటీ వరసలో నిలబెట్టి, పాస్‌పోర్టు చేతికిచ్చి, చెంగు సర్దుతుంటే నా మణికట్టు పట్టుకుని అడిగారు.

"లలితమ్మా, ఆ నాలుగోదానికి మోత నిలుస్తన్నాదా?"

బ్రహ్మాండంగా నిలుస్తోందని చెప్పేయవచ్చు. కానీ నా అబద్ధాలు ఆవిడకి వినపడతాయని బురుజులోనే తెలిసింది. "మొదట్లో కొన్నాళ్ళు జాగ్రత్తగా విన్నానత్తయ్యా. తర్వాత ఆరింటిలో ఏది నాలుగోదో నాకు తెలియకుండా పోయింది," అన్నాను, సిగ్గుతో.

ఆవిడ మొహం విచ్చుకుంది. "అయితే కుదిరినాది. పోయినదే ఏరుగా ఇనబడతాది." వెనక్కి తిరిగి, "ఒరే సీనూ, కుదిరినాదంటరా గంట," అని, వరస కదలడంతో ముందుకి నడిచారు. మూల తిరిగేదాకా మావైపు చూసి తల ఊపుతూనే ఉన్నారు.

కారెక్కాక శ్రీను తాళంచెవి పెట్టాడు గాని తిప్పలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా ఉన్న సిమెంటు గోడని చూస్తూ కూచున్నాడు.

"ఆ ఊరికి రెండు గంటల దారి, లలితా," అన్నాడు.